చిన్నక్షరాల మావయ్య

మా మావయ్య ఏ వస్తువు కొన్నా దాని వారంటీ కార్డును మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా దుకాణంలోనే నిలబడి చదువుతాడు. చదవడం పూర్తయ్యాకే కొంటాడు. మధ్యలో దుకాణం మూసే వేళయితే మర్నాడు మళ్లీ వెళ్లి, ఆపిన వాక్యం దగ్గర అందుకుంటాడు. ఆయనలో ఇంకే వింతా లేదు. మితంగా తింటాడు, మెల్లగా నడుస్తాడు, ఎవరి మీదా గొంతెత్తడు. కానీ ఆ ఒక్క అలవాటు చాలు. ఆయన గుమ్మంలో కనిపించగానే ఎలక్ట్రికల్ సామాన్ల షాపాయన పనివాళ్లలో ఒకణ్ణి ఆయనకు అప్పగించి, మిగతా వాళ్లను వేరే బేరాలకు పంపేసేవాడు.

ఇదంతా ఉద్యోగం తెచ్చిన జబ్బని అత్తయ్య అంటుంది. మావయ్య ముప్ఫై నాలుగేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. మందుసీసాల చీటీలు, బస్సు టికెట్ల వెనక నిబంధనలు, బీమా పత్రాలు, ఇలా లోకంలో ఎవరూ చదవని అక్షరాలన్నీ ఆయన కళ్లముందు నుంచే వెళ్లాయి. చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ఎవరూ చదవరని తెలిసి కూడా ఎందుకు అచ్చేస్తారు మావయ్యా?"

"ఎవరూ చదవరని తెలిసే అచ్చేస్తారు తల్లీ."

చదవడంతో ఆగితే బాగుండేది. చదివినదాన్ని ఇంట్లో అమలు చేస్తాడు. కొత్త మిక్సీ కార్డులో 'ఏకబిగిన రెండు నిమిషములకు మించి నడపరాదు' అని ఉందట. అత్తయ్య మిక్సీ వేసినప్పుడల్లా పక్కన గడియారం పట్టుకుని నిలబడేవాడు. రెండు నిమిషాలు కాగానే, "ఆపు" అనేవాడు. "ఇంకా నలగలేదండీ" అని అత్తయ్య అంటే, "నలక్కపోతే మళ్లీ కొత్త రెండు నిమిషాలు మొదలెట్టు. పాత నిమిషాలతో కలపకు" అనేవాడు. ఇస్త్రీపెట్టె కార్డులో 'గృహావసరములకు మాత్రమే' అని ఉండేసరికి, నేను పనిచేసే ఫొటో స్టూడియోకి వేసుకెళ్లే బట్టలు వాళ్లింట్లో ఇస్త్రీ చెయ్యనివ్వలేదు. అది వాణిజ్య అవసరం కిందకి వస్తుందట.

పళ్ల డాక్టరు దగ్గర జరిగింది ఇంకా విచిత్రం. డాక్టరు పుచ్చిన పన్ను తొలిచి సిమెంటు పెట్టి, చేతులు కడుక్కుంటున్నాడు.

"ఎన్నాళ్లు పూచీ?" అని అడిగాడు మావయ్య, సగం మొద్దుబారిన నోటితోనే.

"గట్టి వస్తువులు కొరక్కపోతే పదేళ్లు ఢోకా లేదండీ."

"గట్టివంటే ఏవేవి? వేరుశనగ గింజ గట్టిదా, మెత్తనిదా?"

డాక్టరు నవ్వి ఊరుకోబోయాడు. మావయ్య కుర్చీ దిగలేదు. చివరికి డాక్టరు మందులచీటీ వెనక గట్టి వస్తువులన్నీ వరసగా రాసి సంతకం పెట్టిచ్చాడు. ఆ చీటీ ఇప్పటికీ మావయ్య ఫైల్లో ఉంది. పన్ను కూడా ఉంది.

"ఇన్ని చదువుతారు కదా, నన్ను పెళ్లి చేసుకునేటప్పుడు ఏం చదివారు?" అని అత్తయ్య ఒకసారి అందరి ముందూ నిలదీసింది.

"అప్పటికి నాకు కళ్లద్దాలు లేవు" అన్నాడు మావయ్య నెమ్మదిగా.

ఆయన అలవాటు చూసి నవ్వుకోవడమే తప్ప, దాంతో నాకు పని పడుతుందని అనుకోలేదు. ఐదేళ్లు ఒక స్టూడియోలో ఓనరు కెమెరాతో ఫొటోలు తీశాక, సొంతంగా పని మొదలెడదామని నిశ్చయించుకున్నాను. నా కెమెరా నేనే కొనుక్కోవాలి. మనుషుల ముఖాలు తియ్యడానికి పనికొచ్చే మంచి లెన్సు ఒకటి కొనాలి. రెండూ కలిపితే మా ఇంట్లో అప్పటిదాకా కొన్న వస్తువులన్నిటికంటే ఎక్కువ ఖరీదు. ఈ సంగతి మా అమ్మ తన అన్నయ్య చెవిన వేసింది. మర్నాడు పొద్దున్నే మావయ్య ఫైలు చంకన పెట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"కెమెరా కొంటున్నావటగా. ఎన్నింటికి బయల్దేరదాం?"

నేను అమ్మ వైపు చూశాను. "తీసుకెళ్లు. కాకపోతే అన్నం తిని వెళ్లు" అంది అమ్మ.

మొదటి షాపులో మాకు కావాల్సిన కెమెరాయే బాగా తక్కువ ధరకి దొరికింది. నాకు ప్రాణం లేచొచ్చింది. షాపాయన ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు.

"బయటి దేశం నుంచి నేరుగా తెప్పించిన సరుకమ్మా. వస్తువు అదే, డబ్బా అదే. ధరే తేడా."

"కార్డు?" అన్నాడు మావయ్య.

"మా షాపు కార్డు ఇస్తాం సార్. రెండేళ్లు!"

కార్డు మీద నవ్వుతున్న కెమెరా బొమ్మ ఉంది. వెనక నాలుగే నాలుగు వాక్యాలు. మావయ్య నిమిషంలో చదివేశాడు. ఆయన ముఖం వాడిపోయింది. పొడుగాటి కార్డుల్ని చూసి భయపడేవాళ్లుంటారు గానీ, పొట్టి కార్డుని చూసి భయపడ్డ మనిషిని నేను అప్పుడే చూశాను.

"పాడైతే బాగుచేసేది ఎవరు?"

"మేమే సార్."

"కంపెనీ వాళ్లు చెయ్యరా?"

"వాళ్లు ఈ సరుకు ముట్టుకోరు సార్. అయినా ఇది పాడవదు."

"ఆ మాటే రాసివ్వండి. పాడవదు అని."

షాపాయన పకపకా నవ్వాడు. మావయ్య నవ్వకుండా జేబులోంచి పెన్ను తీసి అందించాడు. షాపాయన నవ్వు మెల్లగా తగ్గింది. పెన్ను వంక చూశాడు, నా వంక చూశాడు. మేం బయటికొచ్చేశాం.

"ఆయన మంచివాడేనమ్మా" అన్నాడు మావయ్య రోడ్డు మీద. "కానీ ఆయన షాపు ఎత్తేస్తే ఈ కార్డుకు ఏ గుమ్మమూ ఉండదు. కంపెనీ కార్డు అలా కాదు, ఎక్కడికెళ్లినా చెల్లుతుంది."

రెండో షాపు కంపెనీ నియమించిన డీలరుది. ధర తగ్గదు, కార్డు మాత్రం దుప్పటిలా మడతలు మడతలుగా ఉంది. మావయ్య కళ్లు మెరిశాయి. నిలబడి మొదలెట్టాడు. సేల్స్‌మన్ మొదట చిరునవ్వుతో ఎదురు నిలబడ్డాడు. తర్వాత కౌంటరుకు ఆనుకున్నాడు. తర్వాత నాకు కుర్చీ వేశాడు. తర్వాత తను కూడా కుర్చీ తెచ్చుకున్నాడు.

"ఇక్కడ 'సాధారణ వినియోగం' అని ఉంది. మా అమ్మాయి పనుంటే రోజుకి వెయ్యి ఫొటోలు తీస్తుంది. అది సాధారణమా, అసాధారణమా?"

సేల్స్‌మన్ మేనేజరుని పిలిచాడు. మేనేజరు కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీ ఫోన్లో సంగీతం పెట్టింది. మావయ్య రిసీవరు చెవికి ఆనించుకుని పావుగంట విన్నాడు. "వాయిద్యం బాగుంది" అని మెచ్చుకున్నాడు కూడా. చివరికి అవతల ఎవరో పలికి, ఈ కెమెరాలో మీట నొక్కినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే షట్టరు రెండు లక్షల ఫొటోల దాకా తట్టుకునేలా చేశామని, వృత్తి కోసం వాడుకున్నా వారంటీ ఉంటుందని చెప్పారు.

"మంచిది. విన్నది విన్నట్టు బిల్లు వెనక రాసి సంతకం పెట్టండి" అన్నాడు మావయ్య మేనేజరుతో.

తర్వాత సీరియల్ నంబర్లు. పెట్టె మీది నంబరు, వస్తువు మీది నంబరు, కార్డు మీది నంబరు, బిల్లు మీది నంబరు. మావయ్య నాలుగూ పైకి చదివి, నాచేత మళ్లీ చదివించాడు. కెమెరాకి సరిపోయాయి. లెన్సు దగ్గర ఆయన వేలు ఆగింది. లెన్సు మీద చివర నలభై ఏడు. బిల్లులో డెబ్బై నాలుగు.

"చిన్న పొరపాటే సార్, టైపింగులో" అన్నాడు సేల్స్‌మన్.

"ఇవాళ చిన్నదే బాబూ. రేపు లెన్సు పాడైనప్పుడు మీ సర్వీస్ సెంటర్‌కి ఇదే చాలా పెద్దగా కనిపిస్తుంది."

బిల్లు మళ్లీ కొట్టారు. షాపు ముద్ర తేదీ మీద పడి అంకె కనపడటం లేదని ఇంకో కార్డు మీద మళ్లీ ముద్ర వేయించాడు. మేం బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది. సేల్స్‌మన్ తలుపు దాకా వచ్చి, "పదేళ్లుగా ఈ కార్డు ఇస్తున్నాను సార్. ఇందులో ఇన్ని సంగతులున్నాయని నాకు ఇవాళే తెలిసింది" అన్నాడు. అది పొగడ్తో, అలసటో తెలియలేదు. నేను మాత్రం ఆ కార్డుని అందరిలాగే చదవకుండా ఫైల్లో పెట్టేశాను.

పది నెలల పాటు ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. పదకొండో నెలలో నా నవ్వు ఆగిపోయింది.

ఒక బడిలో గ్రూపు ఫొటో తీస్తున్నాను. నలభై మంది పిల్లలు, మధ్యలో టీచరమ్మ. వెనక వరసలో వాళ్లు బెంచీ ఎక్కి నిలబడ్డారు. అందరూ కదలకుండా ఉన్న క్షణం దొరికింది. మీట నొక్కాను. కెమెరాలో ఏదో టక్కుమంది. ఫొటోలో సగం పిల్లలు, సగం చీకటి. మళ్లీ నొక్కాను. ఈసారి మొత్తం చీకటే. 

సర్వీస్ సెంటర్లో ఇచ్చి వచ్చాను. రెండు రోజులకు ఫోన్ వచ్చింది. "కెమెరాలోకి తడి వెళ్లింది మేడమ్. తడికి వారంటీ వర్తించదు." నేను ఆ కెమెరాను చంటిపిల్లలా చూసుకున్నాను. చినుకు పడితే నా తల తడవనిచ్చానే గానీ దాని సంచీ తడవనివ్వలేదు. ఆ మాటే చెప్పాను. అవతల ఫోన్ పెట్టేశారు.

మావయ్య వచ్చాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"తడి అన్నది ఎవరు?"

"టెక్నీషియన్ అన్నాడట."

"నోటితోనా, కాగితం మీదా?"

"ఫోన్లో."

"అయితే ఇంకా ఎవరూ ఏమీ అననట్టే. పద."

సర్వీస్ సెంటర్లో అద్దాల కౌంటరు, దాని వెనక ఒకమ్మాయి, ఇవతల టోకెన్లు పట్టుకున్న జనం. మావయ్య తన వంతు వచ్చేదాకా కూర్చుని, వంతు రాగానే లేచి, ఎంతో మర్యాదగా అడిగాడు. తడి ఏ భాగంలో కనిపించింది? దాని ఫొటో ఉందా? చూసినవారి సంతకం ఉందా?

"అలా రాసిచ్చే పద్ధతి లేదు సార్" అంది కౌంటర్ అమ్మాయి.

"ఉందమ్మా. ఆరో షరతు చూడండి." మావయ్య కార్డు తెరిచి చదివాడు. "'వారంటీని నిరాకరించినచో అట్టి కారణమును లిఖితపూర్వకముగా తెలియజేయబడును.' 'కారణమును తెలియజేయబడును' అనడం తప్పు. 'కారణము' అనాలి. అర్థం మటుకు తెలుస్తోంది, కదా?"

కౌంటర్ అమ్మాయి కార్డు తీసుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. "పైవాళ్లని అడగాలి సార్. రేపు రండి."

"రేపు రావడమెందుకు, ఇక్కడే కూర్చుంటాను. కుర్చీ ఖాళీయే."

మూడు రోజులు కూర్చున్నాడు. తలుపులు తెరిచే వేళకి ఫ్లాస్కులో కాఫీతో వచ్చేవాడు, మూసే వేళకి అందరికీ చెప్పి వెళ్లేవాడు. అరవలేదు, అలగలేదు. రెండో రోజుకి పక్కనున్నవాళ్లు మాటలు కలిపారు. మూడో రోజుకి సర్వీస్ సెంటర్లో రెండు వరసలు తయారయ్యాయి. ఒకటి కౌంటరు ముందు, రెండోది మావయ్య ముందు. బైనాక్యులర్స్ తెచ్చిన పెద్దాయన దగ్గర్నుంచి వీడియోలు తీసే అతని దాకా తమ తమ కార్డులు ఆయన చేతికిచ్చి నిలబడ్డారు. మావయ్య భూతద్దం పెట్టి చదివి తీర్పు చెప్పేవాడు.

"మీకు వస్తుంది. తొమ్మిదో షరతు చూపించండి. గట్టిగా అడగండి, కానీ మర్యాదగా." ఇది పెద్దాయనకి.

"మీకు రాదు. కెమెరా కింద పడేశారు. పడిన వస్తువుకి పూచీ లేదని స్పష్టంగా ఉంది." ఇది వీడియో అతనికి.

వీడియో అతను ఉడికిపోయాడు. "సార్, ఇంతకీ మీరు మా పక్షమా, వాళ్ల పక్షమా?"

"కాగితం పక్షం" అన్నాడు మావయ్య.

నాలుగో రోజు సర్వీస్ మేనేజరే లోపల్నుంచి వచ్చాడు. బయట రెండో వరస పెరిగిపోవడం ఆయన అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడట. "సార్, మీ సమస్య ఏంటో నాతో చెప్పండి" అని మా ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లాడు. టెక్నీషియన్ నా కెమెరాని విప్పి బల్ల మీద పెట్టాడు. చిన్న చిన్న మరలన్నీ ఒక తెల్లగుడ్డ మీద వరసగా పరిచి ఉన్నాయి.

"తడి ఎక్కడ బాబూ?" అన్నాడు మావయ్య, భూతద్దం తీసి.

టెక్నీషియన్ నిజాయితీ గల మనిషి. కెమెరా వంక చూశాడు, మేనేజరు వంక చూశాడు, నీళ్లు నమిలాడు. "తడి గుర్తేం లేదు సార్. షట్టరు రేకు విరిగింది. షట్టరు పోయిందంటే చాలాసార్లు తడే కారణమై ఉంటుంది. అందుకని... విప్పకుండానే అలా చెప్పేశాను."

"ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసినట్టు చూపిస్తోంది?"

"అరవై ఒక్క వెయ్యి సార్."

మావయ్య బిల్లు తిప్పి, వెనక రాయించుకున్న మాట చూపించాడు. రెండు లక్షలు. కింద ఉన్న డీలరు షాపు సంతకాన్ని సర్వీస్ మేనేజరు గుర్తుపట్టాడు కూడా. బిల్లు మడిచి మావయ్యకి తిరిగిచ్చాడు. తర్వాత నా వైపు తిరిగి, "తప్పు మాదేనమ్మా. వారంలో కొత్త షట్టరు వేసి ఇస్తాం" అన్నాడు. అన్నట్టే ఇచ్చాడు.

అంతటితో కథ అయిపోతే నేను మావయ్యని తెలివైనవాడని చెప్పి ఊరుకునేదాన్ని. ఇంకో రెండు నెలలకు నేను చేసిన నిర్వాకం ఉంది.

ఒక ఇంట్లో చంటిపాపకి ఫొటోలు తీసి, పైఅంతస్తు నుంచి దిగుతున్నాను. ఇంకోచోటికి వెళ్లాలి, ఆలస్యమైపోయింది. నడుస్తూనే లెన్సు మారుస్తున్నాను. ముఖాలు తీసే లెన్సు చేతిలోంచి జారింది. ఒక మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. ఆ మూడు చప్పుళ్లూ నాకిప్పటికీ వినిపిస్తాయి. తీసి చూస్తే ముందు అద్దం బీటవారింది, తిప్పే రింగు బిగుసుకుపోయింది.

ఈసారి ఎవర్నీ అనడానికి లేదు. తప్పు నాది. పడిన వస్తువుకి పూచీ లేదని మావయ్య నోటితో అనగా నా చెవులారా విన్నాను. ఆ లెన్సు లేకపోతే నాకు సగం పని లేదు. ఇంకోటి కొనే స్తోమతా లేదు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు, పాత స్టూడియో ఓనరుని కలిసి మళ్లీ చేర్చుకోమని అడుగుతానని అమ్మతో అన్నాను.  అమ్మ వంటింట్లోకి వెళ్లి మావయ్యకి ఫోన్ చేసింది.

సాయంత్రం మావయ్య వచ్చాడు. లెన్సుని కిటికీ దగ్గర వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్ని మెట్లు?"

"మూడు."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. నాలుగు కాదు కదా?"

"మూడే మావయ్యా."

"హమ్మయ్య. అయితే పద్నాలుగో షరతు కిందకి వస్తుంది."

"అదేంటి?"

మావయ్య గొంతు సవరించుకుని, కళ్లు సగం మూసి, అచ్చు పుస్తకంలా చెప్పాడు. "'కొనుగోలు చేసిన రెండు సంవత్సరములలోపు, వృత్తి నిర్వహణలో నుండగా, మూడు మెట్లకు మించని ఎత్తునుండి, పొరపాటున, మొదటిసారి జారిపడిన లెన్సును సంస్థవారు ఉచితముగా బాగుచేసి ఇచ్చెదరు.'"

"మరి ఆ వీడియో అతనికి రాదన్నావు?"

"అతనిది నాలుగో మెట్టు" అన్నాడు మావయ్య ఏమాత్రం తడుముకోకుండా.

నేను నమ్మాను. ఎందుకు నమ్మను? కాగితం మీద లేని మాట ఆయన నోటి నుంచి ఒక్కటీ వినలేదు నేను. లెన్సుని పెట్టెలో పెట్టి ఇచ్చాను. "స్టూడియో ఓనరు దగ్గరికి ఇప్పుడే వెళ్లకు. పాత చిన్న లెన్సుతో నడిపించు" అని చెప్పి వెళ్లిపోయాడు.

మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మావయ్య మా ఇంటికి రాలేదు. నేను ఫోన్ చేస్తే, "పనిలో ఉన్నా" అని పెట్టేసేవాడు. రిటైరైన మనిషికి ఏం పనో నాకు అర్థం కాలేదు. ఒక ఆదివారం లెన్సు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొత్తదానిలా మెరుస్తోంది. రింగు వెన్నలా తిరుగుతోంది. "కార్డులో ఉంది కాబట్టి చేశారు. చెయ్యక ఏం చేస్తారు?" అన్నాడు. నేను మళ్లీ పనిలో పడిపోయాను.

నాలుగు నెలలయ్యాక కెమెరాలో దుమ్ము తుడిపించడానికి సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్ అమ్మాయి నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"మీ మావయ్యగారు కులాసానా మేడమ్? ఇదిగో, మా కొత్త కార్డు వచ్చింది చూశారా? వారం నుంచి ఇస్తున్నాం."

కార్డు తీసుకున్నాను. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా ఉన్నాయి.  ఆ భాష నాకు తెలుసు.

'కెమెరా కింద పడితే ఉచితంగా బాగుచెయ్యం. తడిస్తే కూడా చెయ్యం. తడిసిందని మేమంటే, ఎక్కడ తడిసిందో ఫొటో తీసి మీకు చూపిస్తాం. మాకు ఎటూ తేలకపోతే మీ మాటే నమ్ముతాం.'

"ఇది ఎవరు రాశారు?"

"అదేంటి, మీకు తెలీదా? మీ మావయ్యగారే కదా!" అంది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో. మీకు చెప్పొద్దన్నారు."

సగం చెప్పాక మిగతా సగం ఆగుతుందా? మెల్లగా అంతా చెప్పింది. మావయ్య లెన్సు పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాడట. మేనేజరు చూసి, "ఇది కింద పడింది సార్. వారంటీలో రాదు" అన్నాడట. "రాదని నాకు తెలుసు. మీకంటే ముందు నేనే చెప్తాను. కార్డు పక్కన పెట్టి, ఇంకేదైనా దారుందా అని అడగడానికి వచ్చాను" అన్నాడట మావయ్య. అంతకుముందు మావయ్య కూర్చున్న మూడు రోజులూ తమ కార్డు జనానికి అర్థం కాక ఎంత గొడవవుతోందో మేనేజరు కళ్లారా చూశాడు. "మా కార్డులో తప్పులు దిద్దిపెట్టండి, లెన్సు సంగతి నేను చూస్తాను" అన్నాడట. మావయ్య కార్డంతా ఇంకోసారి చదివి, "దిద్దడం కుదరదు. మళ్లీ రాయాలి" అన్నాడట.

"రోజూ వచ్చేవారు మేడమ్. ఒక్కో వాక్యం రాసి నాకు వినిపించేవారు. ఒక్కసారి వినగానే నాకు అర్థం కాకపోతే కొట్టేసేవారు. 'నీకు అర్థమైతేనే కదమ్మా వాళ్లకి చెప్పగలవు' అనేవారు. ఇప్పుడు కౌంటరు దగ్గర నా మీదెవరూ అరవడం లేదు."

ఇంటికొచ్చి ఫైలు తీశాను. కెమెరాకీ లెన్సుకీ కలిపి ఇచ్చిన పాత కార్డు మడతలు విప్పి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక వారంటీ కార్డు మొత్తం చదివాను. కళ్లు లాగాయి. పన్నెండో షరతు దాకా వెళ్లాను. దాని కింద కంపెనీ చిరునామా, ఆ కింద ప్రెస్సు పేరు. కార్డు తిప్పాను. వెనక ఖాళీ. మళ్లీ తిప్పి లెక్కపెట్టాను. పన్నెండే.

తిన్నగా మావయ్య ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. అత్తయ్య వంటింట్లో ఉంది.

"మావయ్యా, కార్డు చదివాను."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మొత్తమా?"

"మొత్తం. పన్నెండు షరతులే ఉన్నాయి."

మావయ్య పేపరు మడిచాడు. కళ్లద్దాలు తీశాడు, పంచె చెంగుతో చాలాసేపు తుడిచాడు, పెట్టుకున్నాడు. "పన్నెండేనా? అయితే అచ్చులో రెండు ఎగిరిపోయి ఉంటాయి. ఈ రోజుల్లో ప్రూఫులు ఎవరు సరిగా చూస్తున్నారు?"

"ఆ ఎగిరిపోయినవి మన భోజనాల బల్ల మీదే వాలాయి తల్లీ" అంది అత్తయ్య వంటింట్లోంచి. "మూడు వారాలు కంచం పెట్టుకోవడానికి చోటు లేక నిలబడి తిన్నాను. ప్రతి వాక్యం నాకు రెండుసార్లు వినిపించడం, అర్థమైందా అని అడగడం. నాకు నిద్రలో కూడా కెమెరాలు తడిసిపోయేవి."

 ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. మావయ్యకి అలాంటివి గిట్టవని తెలుసు కాబట్టి, మామూలుగానే అడిగాను.

"సరే, పద్నాలుగో షరతేమిటో తెలిసింది. మరి పదమూడోది?"

మావయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. గొంతు సవరించుకుని, కళ్లు సగం మూశాడు.

"'పద్నాలుగవ షరతును గూర్చి ఎవ్వరునూ ఎట్టి పరిస్థితులలోనూ ఆరా తీయరాదు.'"